కొమ్మకు కట్టిన సిరిసిల్ల దారం

ఆ రోజు జగిత్యాలలో నేను చేసిన తప్పు ముందే చెప్పేస్తాను. ఊళ్ళ ముచ్చట్లన్నీ చెప్పి, మిమ్మల్ని మంచి చేసుకుని, చివర్లో మెల్లగా ఒప్పుకుంటే అది రెండో తప్పవుతుంది.

పొద్దున్నే అక్కడి పార్కులో ఒక కానుగ కొమ్మకు రంగురంగుల దారం కుచ్చుగా కట్టాను. పిట్టలు గూళ్ళు పెట్టే కాలం కదా, పోగులు లాక్కెళ్ళి అల్లుకుంటాయని నా ఊహ. కట్టి, ఫొటోలు తీసుకుని, టిఫిన్‌కి వెళ్ళాను. తిరిగొచ్చేసరికి ఆ కుచ్చుకు ఒక పిగిలిపిట్ట తలకిందులుగా వేలాడుతోంది. కాలికి ఎర్రదారం చుట్టుకుంది. రెక్కలు కొట్టుకున్నకొద్దీ ముడి బిగుస్తోంది. దాని జంట పక్క కొమ్మ మీద కూర్చుని ఆగకుండా అరుస్తోంది.

అదే దారం అప్పటికే సిరిసిల్లలోనూ కోరుట్లలోనూ కట్టి వచ్చాను. ఆ సంగతి అప్పుడే గుర్తొచ్చింది.

సిరిసిల్ల

నేను పార్కులకు నమూనాలు గీసేవాణ్ణి. ఈ మూడు ఊళ్ళలో మూడు చిన్న పార్కులున్నాయి, వాటిలో పిట్టలు నిలవాలంటే ఏం చేయాలో చూసి చెప్పమని పని వచ్చింది. ఎండలు ముదరకముందే చూసొద్దామని హైదరాబాదులో బస్సెక్కాను.

పిట్టలకు పార్కు అంటే పెద్ద విద్యేం కాదు. ఎత్తుగా కొన్ని చెట్లు, వాటి కింద ముళ్ళున్నా ఫరవాలేదు గానీ గుబురుగా ఉండే పొదలు, పొదల కింద ఊడ్చని రాలుటాకు, పిచ్చుక కాళ్ళు మాత్రమే తడిసేంత లోతు నీళ్ళు, రాత్రయితే చీకటి. మనుషులు పార్కులో కోరుకునేవి దాదాపు దీనికి తలకిందులు. గుండ్రంగా కత్తిరించిన పొదలు, అద్దంలా ఊడ్చిన నేల, తెల్లవార్లూ దీపాలు. ఈ ఇద్దరి మధ్యా రాజీ కుదర్చడం నా బతుకుతెరువు. నిజం చెప్పాలంటే మనుషులు మాట్లాడతారు, బిల్లులిస్తారు కాబట్టి రాజీలో ఎప్పుడూ పిట్టలే తగ్గేవి.

సిరిసిల్ల పార్కు మగ్గాల వాడల మధ్యలో ఉంది. చుట్టూ ప్రతి షెడ్డులోనూ మరమగ్గాలు ఆడుతూనే ఉంటాయి. మొదట ఆ చప్పుడు చెవుల్లో పడుతుంది, కాసేపటికి పళ్ళలోకి దిగుతుంది, తర్వాత ఉన్నట్టే తెలియదు. ఈ హోరులో పిట్టలేం ఉంటాయిలే అనుకుంటూ గేటు దగ్గర టీ తాగుతున్నాను. కరెంటు పోయింది. ఒక్కసారిగా వాడంతా ఆగింది. ఆ నిశ్శబ్దంలోకి అప్పటిదాకా అరుస్తున్న పిట్టలన్నీ వినిపించాయి. వేపచెట్టు మీద కంసాలి పిట్ట టంగు టంగు మంటోంది. గోరింట కంచెలో పిగిలిపిట్టలు, రేకుల కప్పు కింద పిచ్చుకలు. నేను గ్లాసు పట్టుకుని అలాగే నిలబడిపోయాను.

పక్కన టీ తాగుతున్న ఆయన నవ్వాడు. "రోజూ ఉంటయి సార్. మాకు ఇనపడయి, గంతే."

ఆయన పేరు రాజేశం. నాలుగు మగ్గాలు నడిపే కార్మికుడు. కరెంటు వచ్చేదాకా చేయడానికి పనిలేదు కాబట్టి నన్ను ఇంటికి తీసుకెళ్ళాడు. మా వైపు, అంటే తణుకు దగ్గర, కొత్తమనిషి ఇంటికొస్తే ముందు మంచినీళ్ళిచ్చి, ఏ ఊరు, ఎవరి తాలూకు అని అడుగుతారు. ఇక్కడ ముందు పళ్ళెం వచ్చింది, ప్రశ్నలు తర్వాత వచ్చాయి. పళ్ళెంలో సర్వపిండి. బియ్యప్పిండిలో శనగపప్పు, నువ్వులు, ఉల్లికాడలు కలిపి గిన్నె అడుగున అద్ది కాల్చేది. మేము తపాలచెక్క అంటాం, మేమూ చేస్తాం, కానీ మా దాంట్లో ఇంత కారం ఉండదు. కళ్ళు తుడుచుకుంటూ రెండోది కూడా తిన్నాను.

వడ్డించింది రాజేశం తల్లి నర్సవ్వ. చేనేత రోజుల్లో ఇంట్లో మగ్గం గుంటలో కూర్చుని నేసిన మనిషి. ఇప్పుడు కూడా చేతులు ఊరికే ఉండవు, మాట్లాడుతూనే దేనికో ఒకదానికి ముడి వేస్తూనో విప్పుతూనో ఉంటుంది. ఆమె కిటికీ చువ్వలకు దారం పోగులు వేలాడుతున్నాయి. నేను చూస్తుండగానే ఒక పిచ్చుక వచ్చి ఒక పోగు ముక్కున పట్టుకుని లాక్కుపోయింది.

ఇదేమిటవ్వా అని అడిగాను. వాళ్ళ అత్త కూడా ఇలాగే పెట్టేదట, అత్త అత్త కూడా. నేతోళ్ళ ఇంటి దారంతో పిట్ట గూడు కట్టుకుంటే ఆ ఇంట్లో బట్టకు కొదువుండదట. వాడలో చాలా ఇళ్ళలో పెడతారట.

ఈ మాట నా బుర్రలో దీపం వెలిగించింది. సిరిసిల్ల దారంతో మూడు ఊళ్ళ పిట్టలు గూళ్ళు కట్టుకోవడం. నివేదిక మొదటి పేజీలో ఫొటో. దాని కింద నా పేరు. అవును, నా పేరు కూడా అప్పుడే కనిపించింది. పని అప్పగించినవాళ్ళు మెచ్చుకుంటున్న దృశ్యం కూడా కనిపించింది. పిట్ట ఒక్కటే సరిగ్గా కనిపించలేదు.

మగ్గం అంచున కత్తిరించి పారేసిన వేస్టు దారం కొంచెం కావాలని అడిగాను. ఎంతవుతుందంటే రాజేశం నొచ్చుకున్నాడు. "దీనికి పైసలేంది సార్. తీస్కపో." కొంచెం అడిగితే బియ్యం సంచి నిండా తొక్కి ఇచ్చాడు. ఎరుపు, పసుపు, ఆకుపచ్చ. సాయంత్రం పార్కులో గోరింట కంచె పక్కన ఒక కుచ్చు కట్టి, వెలుతురు బాగా పడేలా కొమ్మను కొంచెం వంచి, ఫొటో తీసుకున్నాను.

చందుర్తి మీదుగా

కోరుట్ల బస్సులో ఆడవాళ్ళకు టికెట్టు లేదు, కాబట్టి సీట్లన్నీ వాళ్ళవే. టికెట్టు కొన్న నేను నిలబడ్డాను. దీని మీద ఫిర్యాదేమీ లేదు, నిలబడినందువల్లే కిటికీల్లోంచి రెండు వైపులా చూడగలిగాను. వరి కోతకొచ్చిన మళ్ళు, అక్కడక్కడ గట్టు మీద తాటిచెట్లు, కరెంటు తీగ మీద పాలపిట్టలు.

చందుర్తి దగ్గర బస్సు గతుకులో పడి నా సంచి కుట్టు ఊడింది. దారమంతా బయటికొచ్చింది. నేను వంగి ఏరుతుంటే దిగేవాళ్ళు తొక్కుకుంటూ వెళ్ళారు, ఎక్కేవాళ్ళు తొక్కుకుంటూ వచ్చారు. ఒకామె మెట్టెకు, ఒకామె బుట్టకు, ఒక పెద్దాయన చేతికర్రకు పోగులు చుట్టుకున్నాయి. లాగితే తెగదు. ఎవరి కాలు ఎవరి దారమో తెలియకుండా బస్సంతా ఒకరికొకరు ముడిపడ్డారు.

కండక్టరమ్మ టికెట్ల మిషను చంకలో పెట్టుకుని వచ్చి చూసింది. "మంచిగనే ఉంది. సిరిసిల్లల మగ్గాలు సాలలేదా సార్, నా బస్సుల పెట్టినవ్?"

అందరూ నవ్వారు, నేనూ నవ్వాను. మెట్టె ఆమె నా వీపు మీద తట్టి, తన పోగును పంటితో కొరకబోయి, తెగక, చివరికి మెట్టే తీసి దారం విడిపించుకుంది. ఇంతమంది కాళ్ళకు చుట్టుకున్న వస్తువు పిట్ట కాళ్ళకు చుట్టుకోదా అన్న ఆలోచన నాకు రావాలి. రాలేదు. ఆ నవ్వులో ఊడిన చోట సంచిని ముడి వేసేసుకున్నాను.

కోరుట్ల

కోరుట్లలో దిగగానే వేయించిన ఉల్లిపాయల వాసన. రంజాన్ దాటి కొన్నాళ్ళే అయింది, హోటళ్ళలో ఇంకా పండుగ ఊపు పోలేదు. ఒక చిన్న హోటల్లో తలకాయ కూర, జొన్నరొట్టె తిన్నాను. మా ఇంట్లో తలకాయ కూర ఆదివారం, అదీ చుట్టాలొస్తేనే. ఇక్కడ మంగళవారం మధ్యాహ్నం గుమాస్తాలు తిని ఆఫీసులకు పోతున్నారు. హోటలాయన నాతో తెలుగులో, వంటవాడితో ఉర్దూలో, ఫోనులో సగం సగం మాట్లాడుతూ ముగ్గురికీ ఒకే వేగంతో జవాబులిచ్చాడు.

పార్కులో గోడ పొడుగునా కోనోకార్పస్ చెట్లు. తొందరగా పెరుగుతాయి, ఎప్పుడూ పచ్చగా ఉంటాయి, ఫొటోకు బాగుంటాయి. పిట్టకు మాత్రం వాటిలో పండూ లేదు, పురుగూ లేదు, పూవూ లేనట్టే. వాటి కింద గంటసేపు కూర్చున్నా ఒక్క కూత వినిపించలేదు. బెంచీ మీద ఒకాయన కూర్చుని ఆ చెట్లను పాత పగవాళ్ళను చూసినట్టు చూస్తున్నాడు.

గంగారాం. పద్నాలుగేళ్ళు దుబాయ్‌లో తోటల్లో పనిచేసి వచ్చాడు. అక్కడ ఏ చెట్లు పెంచేవారు అని అడిగాను. ఆయన గోడవైపు గడ్డం ఎత్తి చూపించాడు.

"గివే. ఎండల నిలవడి గీటికే నీళ్ళు పెట్టిన. దేశం ఇడిసిపెట్టి పోతే అక్కడ గివే, ఇడిసిపెట్టి అస్తే ఈడ గివే. నాకంటే ముందుగాల అచ్చి కూసున్నయ్ సార్, వీసా లేదు, టికెట్ లేదు."

నేను అంత గట్టిగా నవ్వి చాలాకాలమైంది. ఆయన నన్ను ఊరి బయటి ఈతవనానికి తీసుకెళ్ళాడు. కల్లు తియ్యగా ఉంది, నీడ బాగుంది. మా వైపు కల్లు తాగడం అంటే ఎవరూ చూడకుండా తాగాలి. ఇక్కడ పక్కనే ఒక కుటుంబం మొత్తం, అత్తా కోడలూ సహా, చాప పరుచుకుని గుడాలు, అంటే ఉడికించిన శనగలు, నంజుకుంటూ తాగుతున్నారు. నాక్కూడా దోసెడు గుడాలు పెట్టారు. ఎండలో తిరిగి పార్కుకొచ్చి బెంచీ మీద వెనక్కి వాలాను, లేచేసరికి నా చొక్కా మీద కాకి రెట్ట, ఎదురుగా గంగారాం. పార్కులో పిట్టల్లేవన్నావు కదా సార్, ఉన్నాయి చూడు అన్నాడు.

సాయంత్రం పార్కు వెనకమూల, పాత వేపచెట్లున్న చోట దారం కుచ్చులు కట్టాను. మూడుచోట్ల కట్టాను. గంగారాం ఒక పోగును రెండు చేతుల మధ్య సాగదీసి చూశాడు.

"మాంజా లెక్కనే ఉన్నది గదా సార్?"

ఇక్కడే నన్ను నిలదీయాలి. గాలిపటాల మాంజా పిట్టల రెక్కలు ఎలా కోస్తుందో నేను సభల్లో మాట్లాడినవాణ్ణి. ఆ మాట విన్న క్షణంలో నా లోపల ఏదో ఆగింది కూడా. కానీ అప్పటికే కొమ్మ ఎక్కి ఉన్నాను, వెలుతురు పోతోంది, ఫొటో తీయాలి. మాంజాకు గాజుపొడి రాస్తారు గంగారాం గారూ, ఇది ఉత్త మెత్తటి దారం అని పాఠం చెప్పాను. ఆయన చదువుకున్నవాడు చెప్పాడు కదా అని ఊరుకున్నాడు. తెలియక చేసిన తప్పు వేరు. ఇది తెలియబోతుంటే చెయ్యి అడ్డుపెట్టి చేసిన తప్పు.

జగిత్యాల

జగిత్యాల రోడ్డంతా ఆ పొద్దున మామిడికాయల ట్రాలీలు. ఇంకా పచ్చివే, అయినా గాలిలో పులుపు. టీ కొట్టు ముందు ఒక డ్రైవరు కాయ కోసి ఉప్పూకారం అద్ది నా చేతిలో పెట్టాడు, పేరు కూడా అడగలేదు. ఆ పులుపు నోట్లో ఉండగానే పార్కుకు వెళ్ళి, కానుగ కొమ్మకు ఆఖరి కుచ్చు కట్టాను. తర్వాత జరిగింది మొదటే చెప్పాను.

పిట్టను ఒక చేత్తో పట్టుకుని, ఇంకో చేత్తో దారం తెంపబోయాను. తెగలేదు. బలంగా లాగితే నా చూపుడువేలు కోసుకుని నెత్తురొచ్చింది. అప్పుడు అర్థమైంది. నర్సవ్వ అత్త కిటికీకి కట్టింది నూలుదారం. పిట్ట లాగితే తెగుతుంది, వానకు నానితే కుళ్ళుతుంది. నా చేతిలో ఉన్నది పాలిస్టర్. ఇది మనిషి వేలిని కోస్తుంది కానీ తెగదు. ఆచారం అదే ఉంది, అలవాటు అదే ఉంది, మధ్యలో దారం మారిపోయింది. వాడంతా చూసుకోలేదు. చూసుకోవడమే పనిగా పెట్టుకున్న నేనూ చూసుకోలేదు.

పార్కు గేటుకెదురుగా ఒక దర్జీ కొట్టు ఉంది. కొమ్మతో సహా విరిచి, పిట్టను జేబురుమాలులో చుట్టి అక్కడికి పరుగెత్తాను. సలీం భాయ్ అని అరవై దాటిన మనిషి, కళ్ళద్దాలు ముక్కు చివర పెట్టుకుని పేపరు చదువుతున్నాడు. నా చేతుల్లోది చూసి పేపరు పక్కన పడేశాడు.

నేను కంగారులో ఇంకా లాగుతూనే ఉన్నాను.

"అరే సాబ్, గుంజకుండ్రి. కాలు ఊడి చేతులకస్తది. మీరు పిట్టను పట్టుకోండ్రి, గంతే. ఊపిరి కూడా మెల్లగ తీస్కోండ్రి."

మిషను మీద దీపం వేసి, గుండీ రంధ్రాలు కోసే సన్న కత్తెర తీశాడు. ఒక్కొక్క చుట్టే కత్తిరిస్తూ, పిట్టతో ఉర్దూలో ఏదో మాట్లాడుతూ ఉన్నాడు. పిట్ట గుండె నా అరచేతిలో కొట్టుకుంటోంది, లెక్కపెట్టలేనంత వేగంగా. చివరి చుట్టు చర్మంలోకి దిగిపోయి ఉంది. అక్కడ ఆయన చెయ్యి ఆగింది. పని మొదలుపెట్టాక మొదటిసారి నా మొహం చూశాడు.

"ఎవడు కట్టిండు ఇది?"

నేను కట్టాను అన్నాను.

ఆయన కళ్ళద్దాలు పైకి తోసుకుని, సూదిమొనతో పోగును ఎత్తి, కత్తెర కొసతో ఒక్క నొక్కు నొక్కాడు. కాలు వదులైంది. అప్పుడు అన్నాడు: "పండుగ అయిపోయింది, గిరాకీ లేదని కూసున్న. గిరాకీని గిట్ల తేకుండ్రి సాబ్."

గుండీల డబ్బా ఖాళీ చేసి, మూతకు కన్నాలు పొడిచి, పిట్టను అందులో పెట్టాం. చీకట్లో కాసేపు ఉంటే బెదురు తగ్గుతుందని. డబ్బా పక్కన ఇద్దరం టీ తాగాం. ఆయన తన కొడుకు సంగతి, రెడీమేడ్ బట్టల సంగతి చెప్పాడు. నేను వింటున్నానే కానీ చెవులన్నీ డబ్బా మీదే. లోపల గోళ్ళ చప్పుడు మొదలయ్యాక పార్కులోకి తీసుకెళ్ళి మూత తీశాం. పిట్ట ఒక వైపుకు ఒరుగుతూ ఎగిరి కానుగ మీద వాలింది. ఒక కాలు పైకి ముడుచుకుని, ఇంకో కాలి మీద నిలబడి, మమ్మల్ని చూసి తిట్టినట్టు అరిచింది. జంట వచ్చి పక్కన చేరింది. డబ్బులివ్వబోతే సలీం భాయ్ తీసుకోలేదు. మిగతా చోట్ల కట్టినవి తియ్యాలి కదా, ఆలస్యం దేనికి, పోండి అన్నాడు.

ప్రయాణంలో ఇంకో రోజు ధర్మపురికి పోయి గోదావరి చూద్దామనుకున్నాను. మానేశాను. బస్టాండుకు వెళ్ళి, వచ్చిన దారినే వెనక్కి బస్సెక్కాను.

మళ్ళీ కోరుట్ల

గంగారాంకు ముందే ఫోను చేశాను. నేను దిగేసరికి ఆయన నిచ్చెనతో సహా పార్కులో ఉన్నాడు. ఆయన మాటే నిజమైందని చెప్పాను, వేలికి కట్టు చూపించాను. "నేనన్న గదా" అంటాడని ఎదురుచూశాను. అనలేదు. నిచ్చెన పట్టుకుని, ఎక్కు సార్, చీకటి పడ్తది అన్నాడు. అంతకంటే ఆయన దెప్పినా బాగుండేది.

రెండు కుచ్చులు దొరికాయి. పిట్టలు లాగి పీచుపీచు చేసినా కట్టిన చోటే ఉన్నాయి. మూడోది, ఆకుపచ్చది, లేదు. ముడితో సహా ఊడి పోయింది. కాకి ఎత్తుకుపోయిందో, గాలికి ఎక్కడైనా పడిందో. టార్చి వేసి పొదలన్నీ వెతికాం, గోడ అవతల కూడా చూశాం. ఆకుపచ్చ ఆకుల్లో ఆకుపచ్చ దారం. ఫొటోలో రంగు కలుస్తుందని ఏరికోరి ఆ రంగు అక్కడ కట్టింది నేనే.

మళ్ళీ సిరిసిల్ల

పిట్ట ఒక్కటైతే దాన్ని విడిపిస్తే అయిపోయేది. ఈసారి నన్ను భయపెట్టింది నర్సవ్వ. ఆమె పుణ్యమనుకుని చేస్తున్న పని గురించి ఆమెకే చెప్పాలి. చెప్పకుండా పార్కులో కుచ్చు తీసేసి వెళ్ళిపోవచ్చు. బస్సులో సగం దూరం అదే అనుకున్నాను కూడా. కానీ ఆమె కిటికీలో రోజూ వేలాడే పోగుల్ని నేనెలా తీయగలను?

ముందు పార్కుకు వెళ్ళాను. గోరింట కంచెలో, నేను కట్టిన కుచ్చుకు బెత్తెడు దూరంలోనే, పిగిలిపిట్టల గూడు దాదాపు పూర్తయింది. చిన్న గిన్నెలా ఎంతో అందంగా ఉంది. గడ్డిపోచల మధ్య నా ఎరుపూ పసుపూ పోగులు ఉచ్చుల్లా బయటికి వేలాడుతున్నాయి. రెండు రోజుల కిందటైతే పరమానందంతో ఫొటో తీసేవాణ్ణి. ఇప్పుడు వెంట తెచ్చుకున్న కత్తెరతో కుచ్చు కోసేసి, అది చేతిలో ఉండగానే నర్సవ్వ ఇంటికి నడిచాను.

నర్సవ్వ గడపలో కూర్చుని ఉంది. నేను నిలబడే చెప్పాను, కూర్చుంటే చెప్పలేనేమోనని. జగిత్యాల పిట్ట సంగతి, నా వేలి సంగతి, నూలు సంగతి, పాలిస్టర్ సంగతి. ఆమె చేతుల్లో దారం ఆగిపోయింది. కిటికీ వైపు చూసింది.

"మొన్నటేడు ఒక పిచ్చుక పిల్ల గూట్లకెల్లి జారి యాలాడుకుంట సచ్చింది. కాలుకు దారమున్నది. పడ్డదనుకున్న," అంది. తర్వాత నన్ను తేరిపార చూసింది. "నీది మూడొద్దుల పాపం. నాది ఇరువై ఏండ్లది. ముందుగాల నాకియ్యి ఆ కత్తెర."

కిటికీ తనే శుభ్రం చేసింది. రాజేశం ఎత్తుపీట తెచ్చాడు, ముగ్గురం పార్కుకు వెళ్ళాం. పిట్టలు మేతకు పోయినప్పుడల్లా ఆమె గూటి దగ్గరికి చేరి, గూడు కదలకుండా, బయటికి వేలాడే పోగులన్నీ మొదలంటా కత్తిరించేది. పిట్టలు వస్తే ముగ్గురం తప్పు చేసిన పిల్లల్లా వెనక్కి వచ్చి బెంచీ మీద కూర్చునేవాళ్ళం. అవి మమ్మల్ని అనుమానంగా చూసి, గూడు సర్దుకుని, మళ్ళీ పోయేవి. లోపల అల్లుకుపోయిన పోగులను ఏమీ చేయలేకపోయాం. వాటిని లాగితే గూడే పోతుంది.

అయిపోయిందనుకుని నేను సంచి భుజాన వేసుకున్నాను. నర్సవ్వ నా చెయ్యి పట్టుకుంది. వాడలో ఇంకా ఎన్ని కిటికీలున్నాయో తెలుసా అని అడిగింది.

ఆ మధ్యాహ్నమంతా ఆమె ముందు, నేను వెనక, ఇల్లిల్లూ తిరిగాం. ప్రతి గడపలో ఒకటే వరుస. ఆమె లోపలివాళ్ళను పిలిచి, నన్ను ముందుకు తోసి, "చెప్పు సార్, ఏం చేసినవో చెప్పు" అనేది. నేను చెప్పేవాణ్ణి. మొదటి ఇంట్లో ముందుది వెనక, వెనకది ముందు చెప్పాను. నాలుగో ఇంటికి కొంచెం బాగా చెప్పడం వచ్చింది. ఆ తర్వాత పిట్ట రెక్కలు కొట్టుకున్న తీరు చేతులతో చూపించడం మొదలుపెట్టాను. అక్కడ నర్సవ్వ నా మోచేతి మీద చరిచింది. "నాటకం ఆడకు. ఉన్నది చెప్పు." చాలు, ఆ తర్వాత ఉన్నదే చెప్పాను.

ఎవరూ కోప్పడలేదు. కొందరు నవ్వారు, ఒకామె కళ్ళు తుడుచుకుంది, ఒకాయన మాత్రం మా దారంతో ఏమీ కాదని వాదించి, తన చేత్తో తెంపబోయి, వేలు చూసుకుని, కిటికీ వైపు నడిచాడు. ప్రతి ఇంట్లోనూ టీ. ఎవరికీ వద్దనలేక అన్నీ తాగాను. ఆ రాత్రి నిద్ర పట్టకపోవడానికి పశ్చాత్తాపం సగం కారణమైతే టీ సగం. వాడలో వాళ్ళకు పిట్టలకు పెట్టడం మానాలని లేదు. అందుకని నర్సవ్వ పాత నూలుచీర ఒకటి తెచ్చి పోగులు ఊడదీసి, వేలెడంత పొడవుకు కత్తిరించి పంచింది. నూలు కూడా పొడుగ్గా ఉంటే ప్రమాదమేనని ముందు నేనే అన్నాను. ఆ ఒక్క మాటకు ఆమె తలూపింది.

తిరిగొచ్చాక నమూనాలు మళ్ళీ గీశాను. మొదటి వాటిలో "శుభ్రం చేయాలి" అని గుర్తుపెట్టిన మూలలనే ఈసారి వదిలేయమని రాశాను. కోయని ఎండుగడ్డి, రాలుటాకు, జిల్లేడు పొదలు. జిల్లేడు కాయ పగిలితే వచ్చే దూది కంటే మంచి గూటి సామాను నేను తేలేను. కోరుట్లలో కోనోకార్పస్ తీసి, వాటి చోట రావి, మేడి, నేరేడు పెట్టమన్నాను. నివేదిక మొదటి పేజీలో ఫొటో లేదు. ఏం చేశానో, ఎందుకు చేయకూడదో రాసి ఉంది. పని ఇచ్చినవాళ్ళు ఆ పేజీ తీసేద్దామా అని అడిగారు. వద్దన్నాను.

మామిడిపళ్ళు మార్కెట్లోకి వచ్చే రోజుల్లో రాజేశం ఫోను చేశాడు. మగ్గాల హోరులో సగం వినపడలేదు. గోరింట కంచెలో పిల్లలు ఎగిరిపోయాయట. ఒకదాని కాలికి లోపలి పోగు పట్టుకుంటే నర్సవ్వ కత్తిరించిందట. అదీ ఎగిరిందట. మళ్ళీ చెప్పమన్నాను, మళ్ళీ చెప్పాడు.

కోరుట్లలో ఆకుపచ్చ కుచ్చు ఇంకా దొరకలేదు. నేను రెండుసార్లు వెళ్ళి వెతికాను, గంగారాం రోజూ నడకకు వెళ్ళినప్పుడు చూస్తూనే ఉన్నాడు. మీలో ఎవరైనా ఆ ఊరు వెళ్తే, తలకాయ కూర తిన్నాక, పార్కు వెనకమూల వేపచెట్ల కింద కాసేపు నిలబడి పైకి చూడండి. ఆకుల్లో ఆకులా ఉంటుంది, అందుకని గాలి వీచేదాకా ఆగండి. అన్నీ కదులుతున్నప్పుడు పోగులా ఊగేది కనిపిస్తే, తీసి జేబులో వేసుకోండి.